యాక్సిలరేటర్లకు హై వోల్టేజ్ పల్స్ పవర్ సప్లైలు: డిజైన్, ఖర్చు గురించి మన డెల్టా వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కాకినాడ, భీమవరం, అమలాపురం వైపు ఎలక్ట్రికల్ చదివే పిల్లలు, ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్ షాపులు నడిపేవాళ్లు, ఆసుపత్రుల్లో రేడియేషన్ మెషీన్లు చూసుకునే ఇంజనీర్లు అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. అసలు మాట ముందే చెప్పేస్తాను. ఈ సప్లై ఖరీదు ఎన్ని కేవీ అన్నదాన్ని బట్టి తేలదు. పల్స్ పైభాగం ఎంత బల్లపరుపుగా ఉండాలి, ఒక పల్స్‌కీ ఇంకో పల్స్‌కీ ఎంత తేడా ఒప్పుకుంటారు, మెషీన్ ఎన్నేళ్లు ఆగకుండా నడవాలి, డబ్బంతా ఈ మూడింటి దగ్గరే ఉంది.

మామూలు హై వోల్టేజ్ సప్లైకీ దీనికీ తేడా ఏంటండీ?

యాక్సిలరేటర్‌లో ఎలక్ట్రాన్లను తోసేది మైక్రోవేవ్. ఆ మైక్రోవేవ్ క్లైస్ట్రాన్ నుంచో మాగ్నెట్రాన్ నుంచో వస్తుంది. ఆ ట్యూబ్ మాగ్నెట్రాన్ అయితే పదుల వేల వోల్టులు, క్లైస్ట్రాన్ అయితే లక్షకు పైనే కావాలి, కానీ కొన్ని మైక్రోసెకండ్లు ఉంటే చాలు, సెకనుకు యాభైసార్లో వందసార్లో. కాబట్టి లైన్ కరెంటుతో కెపాసిటర్లను నిదానంగా నింపుకుని, ఒక్క దెబ్బకి ట్యూబ్‌లోకి వదులుతాం. ఈ పని చేసే పెట్టెనే మాడ్యులేటర్ అంటారు.

కింద లెక్క వేయబోయే మాడ్యులేటర్ పల్స్ ఉన్న క్షణంలో 12 మెగావాట్లు ఇస్తుంది. సగటు తీస్తే 7 కిలోవాట్ల చిల్లర, నష్టాలు కలిపి లైన్ నుంచి లాగేది 10 కిలోవాట్లు. అంటే రొయ్యల చెరువు మీద 2 హెచ్‌పీ ఏరేటర్లు ఆరో ఏడో తిరిగినంత. 12 మెగావాట్లు అనగానే సబ్‌స్టేషన్ కావాలేమో అని టెన్షన్ పడేవాళ్లు ఈ సంగతి ముందు గుర్తుపెట్టుకోవాలి.

ఇలాంటివి మన వైపు ఎక్కడైనా ఉన్నాయా?

ఉన్నాయి. కేన్సర్‌కి రేడియేషన్ ఇచ్చే లీనియర్ యాక్సిలరేటర్ ఉన్న ప్రతి ఆసుపత్రిలోనూ ఒక మాడ్యులేటర్ ఉంటుంది. 6 ఎంవీ మెషీన్లో సాధారణంగా 2, 3 మెగావాట్ల మాగ్నెట్రాన్, దాని వెనక కొన్ని మైక్రోసెకండ్ల పల్స్ సప్లై. దేశంలో పెద్దవి చూడాలంటే ఇండోర్‌లోని ఆర్ఆర్‌క్యాట్ పరిశోధన కేంద్రం, అక్కడి ఇండస్-2 సింక్రోట్రాన్ 2.5 జీఈవీ. దానికి ఎలక్ట్రాన్లు అందించే వరసలో మొదటిదైన 20 ఎంఈవీ మైక్రోట్రాన్ వెనక ఉన్నదీ ఈ జాతి మాడ్యులేటరే. ముంబైలో సమీర్ సంస్థ దేశీయంగా మెడికల్ లీనాక్ తయారుచేసింది. ఇది అమెరికా, యూరప్ వాళ్లకే చేతనయిన పని అనుకోనక్కర్లేదు.

డిజైన్ ఎక్కడ మొదలుపెట్టాలి?

ట్యూబ్ దగ్గర. సర్క్యూట్ బొమ్మ దగ్గర కాదు. చాలామంది ముందు ఐజీబీటీ అనే సెమీకండక్టర్ స్విచ్ ఎంచుకుని తర్వాత లోడ్ సంగతి చూస్తారు, అది తిరగేసిన దారి.

క్లైస్ట్రాన్ ఓమ్ నియమం పాటించే రెసిస్టర్ కాదు. దాని కరెంట్ వోల్టేజ్‌కి 1.5 ఘాతంలో పెరుగుతుంది. ముందుండే గుణకాన్ని పర్వియన్స్ అంటారు, ఎక్కువ ట్యూబులకు అది 2 మైక్రోపర్వ్‌లకు దగ్గర్లో ఉంటుంది. అమెరికాలోని స్లాక్ యాక్సిలరేటర్ ప్రయోగశాల వాడే 65 మెగావాట్ల 5045 క్లైస్ట్రాన్ తీసుకోండి: 350 కేవీ పెడితే 414 ఆంపియర్లు. 2 మైక్రోపర్వ్‌లు వేసి గుణించి చూడండి, సరిగ్గా అదే వస్తుంది.

మనం చిన్నది చేద్దాం. 5 మెగావాట్ల ఎస్ బ్యాండ్ క్లైస్ట్రాన్, 130 కేవీ. 2 మైక్రోపర్వ్‌లకి కరెంట్ దాదాపు 94 ఆంపియర్లు. లోడ్ ఇంపీడెన్స్ 1,390 ఓమ్‌ల దాకా. 1:10 పల్స్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే ప్రైమరీ వైపు 13 కేవీ, 940 ఆంపియర్లు, దాదాపు 14 ఓమ్‌లు. ఇప్పుడు ఆ 14 ఓమ్‌లకి సరిపోయే పల్స్ ఫార్మింగ్ నెట్‌వర్క్, అంటే పీఎఫ్ఎన్, కట్టాలి. కాయిల్స్, కెపాసిటర్లు వరసగా కలిపి చదునైన పల్స్ ఇచ్చే అమరిక ఇది. ఉపయోగపడే పల్స్ 5 మైక్రోసెకండ్లు, ఎక్కడానికీ దిగడానికీ కలిపి మొత్తం 6 అనుకోండి. పల్స్ వెడల్పుని ఇంపీడెన్స్‌కి రెట్టింపుతో భాగిస్తే మొత్తం కెపాసిటెన్స్: 0.216 మైక్రోఫారడ్. వెడల్పుని ఇంపీడెన్స్‌తో గుణించి సగం చేస్తే మొత్తం ఇండక్టెన్స్: 42 మైక్రోహెన్రీలు. దీన్ని ఎనిమిదో పదో సెక్షన్లుగా పంచుతారు.

లోడ్‌తో మ్యాచ్ అయిన పీఎఫ్ఎన్ తన ఛార్జింగ్ వోల్టేజ్‌లో సగమే బయటికిస్తుంది, కాబట్టి 26 కేవీకి ఛార్జ్ చేయాలి. అందులో దాగే శక్తి 73 జూళ్లు. ఈ సంఖ్యని వేరే దారిలో సరిచూసుకోండి: 12.2 మెగావాట్లని 6 మైక్రోసెకండ్లతో గుణిస్తే అదే 73. రెండు దారుల్లో ఒకే జవాబు రాకపోతే ముందుకి వెళ్లొద్దు. సెకనుకి 100 పల్సులైతే 7.3 కిలోవాట్లు. పల్స్‌కీ పల్స్‌కీ మధ్య 10 మిల్లీసెకండ్లు, స్విచ్ కోలుకోవడానికి కొంచెం వదిలి 8 మిల్లీసెకండ్లలో నింపాలంటే సెకనుకు 10 కిలోజూళ్ల తరగతి కెపాసిటర్ ఛార్జర్ కావాలి. పాత పద్ధతిలో అయితే 13 కేవీ డీసీ, 30 హెన్రీల ఛార్జింగ్ చోక్, ఒక డయోడ్. రెజొనెన్స్ వల్ల పీఎఫ్ఎన్ దానంతటదే దాదాపు రెట్టింపు వోల్టేజ్‌కి ఎక్కి అక్కడ ఆగుతుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ అమరిక అందం నాకు తగ్గలేదు.

పల్స్ ట్రాన్స్‌ఫార్మర్ మా వైండింగ్ షాపులో చుట్టొచ్చా?

చుట్టొచ్చు, ఈ పేజీ రాయడానికి పెద్ద కారణం ఈ ప్రశ్నే. డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్లు రిపేర్ చేసే చేతులు మన జిల్లాల్లో ఊరికి కొన్ని ఉన్నాయి. పేపర్ ఇన్సులేషన్ చుట్టడం, ఆరబెట్టడం, ఆయిల్ ఫిల్టర్ చేయడం వాళ్లకి కొత్తగా నేర్పక్కర్లేదు. మారేవి కొన్ని ఉన్నాయి, అవి మాత్రం గట్టిగా పట్టుకోవాలి.

మొదటిది కోర్. 50 సైకిళ్లకి వాడే సీఆర్‌జీఓ రేకు మందం పావు మిల్లీమీటరుకి అటూ ఇటూ ఉంటుంది. మైక్రోసెకండ్లలో ఎడ్డీ కరెంట్లు ఫ్లక్స్‌ని ఆ రేకు లోపలికి పోనివ్వవు, పైపొర ఒక్కటే పనిచేస్తుంది. అందుకే 50 మైక్రాన్ల సిలికాన్ స్టీల్ టేపుతో చుట్టిన కోర్ కావాలి, లేదా 25 మైక్రాన్ల అమార్ఫస్. పాత ట్రాన్స్‌ఫార్మర్ కోర్ పనికిరాదు, ఎంత ఉచితంగా దొరికినా సరే.

సైజు లెక్క: 13 కేవీని 6 మైక్రోసెకండ్లతో గుణిస్తే 0.078 వోల్ట్ సెకండ్లు. ఫ్లక్స్ డెన్సిటీ మార్పు 1.6 టెస్లా, ప్రైమరీ 8 చుట్లు అనుకుంటే నికర కోర్ వైశాల్యం 61 చదరపు సెంటీమీటర్లు. ఆ 1.6 టెస్లా రావాలంటే పల్సుల మధ్యలో కోర్‌ని వెనక్కి నెట్టే చిన్న డీసీ బయాస్ ఉండాలి. బయాస్ సప్లై ఆగిపోయిన సంగతి ఎవరూ గమనించకపోతే కోర్ పల్స్ మధ్యలోనే సాచురేట్ అవుతుంది. అందుకే బయాస్ కరెంట్‌కి ఇంటర్‌లాక్ తప్పనిసరి.

రెండోది లీకేజ్ ఇండక్టెన్స్. ప్రైమరీ, సెకండరీ దగ్గరగా ఉంటే లీకేజ్ తగ్గి పల్స్ చురుగ్గా లేస్తుంది, కానీ 130 కేవీకి దూరం కావాలి. దీనికి పాతకాలం నుంచి ఉన్న ఉపాయం సెకండరీని గరాటులా చుట్టడం: ఎర్త్ వైపు చుట్లు ప్రైమరీకి దగ్గరగా, వోల్టేజ్ పెరిగే కొద్దీ దూరంగా. సెకండరీ కూడా ఒక తీగ కాదు, పక్కపక్కన రెండు తీగలు. రెండిట్లోనూ ఒకే పల్స్ వోల్టేజ్ పుడుతుంది కాబట్టి వాటి గుండానే క్లైస్ట్రాన్ హీటర్ కరెంట్‌ని 130 కేవీ మీదున్న క్యాథోడ్ దాకా పంపేయొచ్చు, వేరే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా. చెయ్యి తిరిగిన వైండర్‌కి ఈ ముక్క చెబితే చాలు, మిగతాది తనే పట్టేస్తాడు.

మూడోది ఆయిల్. కొత్త ఆయిల్‌కి మన ప్రమాణం ఐఎస్ 335 ప్రకారం 2.5 మిల్లీమీటర్ల గ్యాప్‌లో 30 కేవీ తట్టుకోవాలి, ఫిల్టర్ చేశాక 70. మన గాలిలో తేమ గురించి మీకు చెప్పక్కర్లేదు. జూలై, ఆగస్టుల్లో డ్రమ్ము మూత తీసి పక్కన పెడితే ఆ 70 నిలవదు. ట్యాంక్‌లోకి ఆయిల్ వ్యాక్యూమ్ కిందే నింపండి, గాలి బుడగ ఒక్కటి మిగిలినా పార్షియల్ డిశ్చార్జ్ అక్కడే మొదలవుతుంది. బ్రీదర్‌లో సిలికా జెల్ నీలం పోయి గులాబీ రంగులోకి వచ్చిందంటే రేపు చూద్దాంలే అనొద్దు, ఆరోజే మార్చండి.

థైరట్రాన్ వాడాలా, సాలిడ్ స్టేట్ స్విచ్ వాడాలా?

థైరట్రాన్ అంటే హైడ్రోజన్ నింపిన గాజు లేదా సెరామిక్ ట్యూబ్. ఒక్కటే ట్యూబు 26 కేవీనీ 940 ఆంపియర్లనీ సులువుగా మోస్తుంది, సర్క్యూట్ చిన్నది. బదులుగా హీటర్ వేడెక్కేదాకా నిమిషాల పాటు ఆగాలి, లోపలి హైడ్రోజన్ ఒత్తిడిని అప్పుడప్పుడూ సర్దాలి, కొన్నివేల గంటల తర్వాత అరిగిపోతుంది. ఆన్ చేయడమే మన చేతిలో ఉంటుంది, ఆఫ్ చేయడం ఉండదు. క్లైస్ట్రాన్ లోపల ఆర్క్ కొడితే పీఎఫ్ఎన్‌లో ఉన్నదంతా పోవాల్సిందే.

సాలిడ్ స్టేట్‌లో ఐజీబీటీలు ఒకదాని మీద ఒకటి పేర్చొచ్చు. లేదా 1 కేవీ ప్రాంతంలో నడిచే స్విచ్‌లు చాలా పెట్టి విడివిడి కోర్ల ద్వారా ఒకే సెకండరీలోకి కలపొచ్చు, స్వీడన్‌లో స్కాండీనోవా కంపెనీ చేసేది ఈ పద్ధతే. మూడోది మార్క్స్ జనరేటర్. 1924లో ఎర్విన్ మార్క్స్ స్పార్క్ గ్యాపులతో చేసిన ఆలోచనకి ఇప్పుడు ఐజీబీటీలు తగిలించారు: కెపాసిటర్లు పక్కపక్కన ఛార్జ్ అవుతాయి, వరసలో డిశ్చార్జ్ అవుతాయి.

కొత్తగా కట్టేవాళ్లకి నా సలహా సాలిడ్ స్టేట్. ఆర్క్ వచ్చినప్పుడు మైక్రోసెకండ్ లోపే తెరుచుకోగల స్విచ్ క్లైస్ట్రాన్ ఆయుష్షు పెంచుతుంది, పైగా విడిభాగాలు దేశంలోనే దొరుకుతాయి. ఉన్న మెషీన్లకి స్పేర్ కావాలన్నా, చేతిలో థైరట్రాన్ అనుభవం ఉన్నా మార్చాల్సిన పనిలేదు.

1 శాతం బదులు 0.1 శాతం అడిగితే ఖర్చు ఎందుకు అంత పెరుగుతుంది?

ముందు ఆ 0.1 ఎందుకు కావాలో చూడండి. క్లైస్ట్రాన్ అవుట్‌పుట్ వోల్టేజ్‌కి దాదాపు 2.5 ఘాతంలో మారుతుంది, 1 శాతం వోల్టేజ్‌కి 2.5 శాతం పవర్. దానికంటే కష్టం ఫేజ్‌తో. 130 కేవీ దగ్గర ఎలక్ట్రాన్ వేగం కాంతి వేగంలో 0.6 వంతు. ట్యూబ్ లోపల అర మీటరు ప్రయాణం అనుకుని 2,856 మెగాహెర్ట్జ్ దగ్గర లెక్క కట్టండి, 1 శాతం వోల్టేజ్ తేడాకి ఫేజ్ 10 డిగ్రీలు జరుగుతుంది. వైద్య సామగ్రిని క్రిమిరహితం చేసే ఇండస్ట్రియల్ లీనాక్‌కి అది పెద్ద విషయం కాదు. ఎక్స్‌రే ఫ్రీ ఎలక్ట్రాన్ లేజర్‌కి డిగ్రీలో పదోవంతు కూడా ఎక్కువే, అందుకే అక్కడ పల్స్ నుంచి పల్స్‌కి లక్షలో కొన్ని వంతుల తేడానే ఒప్పుకుంటారు.

1 శాతం దాకా మంచి పీఎఫ్ఎన్, ఓపికగా కాయిల్స్ ట్యూన్ చేసే మనిషి ఉంటే సరిపోతుంది. 0.1కి వచ్చేసరికి ఛార్జింగ్ వోల్టేజ్ కొలిచే డివైడర్ వేడికి మారకూడదు, ఛార్జర్ ఆగే క్షణం ఊగకూడదు, కూలింగ్ నీటి ఉష్ణోగ్రత కట్టడిలో ఉండాలి. 0.01 అంటే అది సప్లై కాదు, కొలత పరికరం. ఒక్కో సున్నా చేరినప్పుడల్లా ఖర్చు కెపాసిటర్ల మీద కాక కొలతల మీదా, మనుషుల నెలల మీదా పెరుగుతుంది. కాబట్టి స్పెసిఫికేషన్ రాసేటప్పుడు ఫిజిక్స్ వాళ్లతో కూర్చుని, ఈ సున్నా మీకు నిజంగా కావాలా అని మొహమాటం లేకుండా అడగండి. ‘మంచిదే కదా, ఉండనీ’ అని రాసిన సున్నా కంటే ఖరీదైన భాగం ఈ మెషీన్లో ఇంకోటి లేదు.

ఖర్చు అంచనా ఎలా వేయాలి?

కేవీకి ఇంత, కిలోవాట్‌కి ఇంత అని గుడ్డిగా వేయొద్దు. ముక్కలు చేయండి: ఛార్జర్, పీఎఫ్ఎన్ లేదా కెపాసిటర్ బ్యాంక్, స్విచ్, ట్రాన్స్‌ఫార్మర్ ట్యాంక్, హీటర్, బయాస్ సప్లైలు, కూలింగ్, కంట్రోల్, ఇంటర్‌లాక్‌లు, కొలతలు, క్యాబినెట్. ఒక్కోదానికి కొటేషన్ తెప్పించండి. కొటేషన్ ఉన్నదానికి పదిశాతం, మొదటిసారి చేసే భాగానికి ముప్పై నుంచి యాభై శాతం అదనం పెట్టడం నా అలవాటు. అందరికీ ఒకే శాతం వేస్తే తెలిసిన భాగాల దగ్గర దండగ, తెలియని భాగాల దగ్గర కొరత.

ఎప్పుడూ మరిచిపోయేది డమ్మీ లోడ్. 12 మెగావాట్ల పల్స్‌నీ 7 కిలోవాట్ల సగటునీ తట్టుకునే రెసిస్టర్ ట్యాంక్ దానికదే ఒక ప్రాజెక్టు. అది లేకపోతే మొదటి పరీక్ష క్లైస్ట్రాన్ మీదే చేయాలి. డివైడర్, కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్, మంచి స్కోప్ కూడా మొదటి రోజు జాబితాలోనే ఉండాలి.

తర్వాత కెపాసిటర్లు. ఫిల్మ్ కెపాసిటర్ల ఆయుష్షు వోల్టేజ్‌కి దాదాపు ఏడో ఘాతంలో పడిపోతుంది, కాబట్టి 10 శాతం తక్కువ వోల్టేజ్‌లో నడిపితే ఆయుష్షు రెట్టింపవుతుంది. సెకనుకి 100 పల్సులు, ఏడాదికి 6,000 గంటలు అంటే 216 కోట్ల పల్సులు. కొనేటప్పుడే ఒక మెట్టు పైది కొంటే ఆ తేడా రెండు మూడేళ్లలో తిరిగొస్తుంది. అందరికంటే తక్కువ ధర చెప్పినవాళ్లకి దక్కే ఎల్1 టెండర్‌లో ఇది నిలబడాలంటే ‘మంచి నాణ్యత’ అని రాస్తే చాలదు, ఎన్ని పల్సులు, ఎంత వోల్టేజ్ రివర్సల్, ఏ ఉష్ణోగ్రత దగ్గర అని అంకెలతో రాయాలి. అంకె లేనిచోట చవకదే గెలుస్తుంది.

నడిపే ఖర్చు: లైన్ నుంచి 10 కిలోవాట్లు, 6,000 గంటలు, అంటే 60,000 యూనిట్లు. మీ టారిఫ్‌తో గుణించి పదేళ్లకి లెక్క కట్టి, స్పేర్ ట్యూబులు కలిపి, అప్పుడు రెండు డిజైన్లని పోల్చండి. కొన్న ధర ఒక్కటే పోల్చితే దాదాపు ప్రతిసారీ తప్పుడు డిజైన్ నెగ్గుతుంది.

ఎక్కువ సంఖ్యలో చేస్తే ధర తగ్గుతుందా అంటే తగ్గుతుంది. విమానాల తయారీలో 1936లో రైట్ అనే ఇంజనీరు గమనించిన సూత్రమే: సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ ఒక్కోదాని ఖర్చు ఒక స్థిర నిష్పత్తిలో పడుతుంది. ఆ నిష్పత్తి 90 శాతం అనుకుంటే 64వ యూనిట్ మొదటిదాని ధరలో 53 శాతానికి వస్తుంది. స్లాక్ లీనాక్‌లో 240కి పైగా క్లైస్ట్రాన్ స్టేషన్లుండేవి, అలాంటిచోట ఈ లెక్క పనిచేస్తుంది. రెండు మూడు చేసేవాళ్లు దీన్ని నమ్ముకుని కొటేషన్ ఇవ్వకండి, మునిగిపోతారు.

మిల్లీసెకండ్ల పల్స్ కావాలంటే ఇదే డిజైన్ పెద్దది చేస్తే సరిపోతుందా?

సరిపోదు. ఇంటర్నేషనల్ లీనియర్ కొలైడర్ కోసం స్లాక్ చేసిన మార్క్స్ మాడ్యులేటర్ లక్ష్యం 120 కేవీ, 140 ఆంపియర్లు, 1.6 మిల్లీసెకండ్లు. పల్స్‌కి 27 కిలోజూళ్లు. కెపాసిటర్‌ని నేరుగా వదిలి, వోల్టేజ్ 1 శాతమే జారాలంటే దానికి యాభై రెట్లు, 1.3 మెగాజూళ్లు నిల్వ చేయాలి. అందుకే జారనిచ్చి, జారినంతా బౌన్సర్ సర్క్యూట్‌తోనో అదనపు చిన్న మాడ్యూళ్లతోనో పూడుస్తారు. అది వేరే చదువు.

మన గాలికీ మన కరెంటుకీ ఇవి నిలుస్తాయా?

నిలుస్తాయి, ముందే అనుకుని కడితే. పొడిగాలి సెంటీమీటరుకి 30 కేవీ తట్టుకుంటుందని పుస్తకంలో చదివి ఆ లెక్కన గ్యాపులు పెట్టొద్దు. అంతర్వేది, ఉప్పాడ వైపు ఉప్పుగాలిలో ఇన్సులేటర్ మీద పేరుకున్న పొర రాత్రి తేమకి తడిస్తే దాని మీదుగానే కరెంట్ పాకుతుంది. నేనైతే సెంటీమీటరుకి 5 కేవీ దాటను. క్యాబినెట్ మూసి ఉంచి, మెషీన్ ఆపినప్పుడు కూడా లోపల చిన్న హీటర్ వెలిగించాలి. చెమ్మ పట్టేది నడిచేటప్పుడు కాదు, ఆగి చల్లారినప్పుడు.

రాత్రి చెరువుల మీద ఏరేటర్లన్నీ ఒకేసారి తిరిగితే ఫీడర్ వోల్టేజ్ ఎలా కుంగుతుందో ఇక్కడివాళ్లందరికీ తెలుసు. పాత చోక్ ఛార్జింగ్ అయితే ఆ కుంగుబాటు నేరుగా పల్స్‌లోకి వస్తుంది. రెగ్యులేషన్ ఉన్న ఇన్వర్టర్ ఛార్జర్ దాన్ని లైన్ వైపే ఆపేస్తుంది. మనం పక్కవాళ్లకి చేసే నష్టం కూడా చూడాలి. సెకనుకి 8, 10 సార్లు లోడ్ ఎక్కిదిగితే ఇళ్లల్లో బల్బుల మినుకు కంటికి బాగా తెలుస్తుంది, కాబట్టి ఛార్జర్ లైన్ నుంచి ఎప్పుడూ ఒకే పవర్ లాగేలా డిజైన్ చేయాలి.

మా దగ్గర నేలలో నీళ్లు పైనే ఉంటాయి, ఎర్త్ రెసిస్టెన్స్ ఒక ఓమ్ లోపే వస్తుంది. అది చాలదా?

50 సైకిళ్లకి చాలు. పల్స్‌కి రెసిస్టెన్స్ కాదు, ఇండక్టెన్స్ ముఖ్యం. మీటరు పొడవు వైరుకి దాదాపు 1 మైక్రోహెన్రీ. 940 ఆంపియర్లు అర మైక్రోసెకండ్‌లో లేస్తే ఆ ఒక్క మీటరు మీదే 1,900 వోల్టులు పుడతాయి. అందుకే వెడల్పాటి రాగి పట్టీలు, వీలైనంత పొట్టిగా, అన్నీ ఒకే చోటికి. పల్స్ కరెంట్ వెళ్లే దారీ తిరిగొచ్చే దారీ పక్కపక్కనే ఉండాలి, కంట్రోల్ సిగ్నళ్లు ఫైబర్ మీద వెళ్లాలి.

ప్రమాదం ఎంత?

ప్రాణం పోయేంత. 26 కేవీ మీద 73 జూళ్లు రెండో అవకాశం ఇవ్వవు. తలుపు తీస్తే ఆటోమేటిక్‌గా షార్ట్ చేసే రిలే, దాని తర్వాత రెసిస్టర్ ఉన్న ఎర్త్ రాడ్‌తో ఒకసారి, రెసిస్టర్ లేని రాడ్‌తో ఇంకోసారి, పని అయ్యేదాకా ఆ రాడ్ తీయకూడదు. ఎందుకంటే డిశ్చార్జ్ చేసి వదిలేసిన కెపాసిటర్‌లో కొంత వోల్టేజ్ మళ్లీ పుడుతుంది. ఒంటరిగా ఎవరూ పనిచేయొద్దు. 130 కేవీ క్లైస్ట్రాన్ ఎక్స్‌రేలు కూడా ఇస్తుంది, సీసం కవచం ఉండాలి, యాక్సిలరేటర్‌తో కలిపి నడపాలంటే ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) అనుమతులు తీసుకోవాలి. అంచనాలో ఇంటర్‌లాక్‌ల లైన్ మీద కోత పెట్టమని ఎవరన్నా ఒప్పుకోకండి.

ఇంట్లోనో కాలేజీలోనో ముందు దేంతో నేర్చుకోవాలి?

కేబుల్ టీవీ కోయాక్సియల్ వైరుతో. 75 ఓమ్‌ల వైరు 100 మీటర్ల చుట్ట తీసుకోండి. సిగ్నల్ అందులో మీటరుకి దాదాపు 4 నానోసెకండ్లు తీసుకుంటుంది. ఒక చివర వదిలేసి, రెండో చివర పెద్ద రెసిస్టర్ ద్వారా 24 వోల్టులకి ఛార్జ్ చేసి, వేగంగా ఆన్ అయ్యే మాస్‌ఫెట్‌తో 75 ఓమ్‌ల రెసిస్టర్ మీదకి వదలండి. స్కోప్ మీద 12 వోల్టుల ఎత్తు, 0.8 మైక్రోసెకండ్ల వెడల్పు ఉన్న పల్స్ కనిపిస్తుంది: సగం వోల్టేజ్, పోయి వచ్చేంత కాలం. ఇప్పుడు రెసిస్టర్ 50 ఓమ్‌లకి మార్చండి, పల్స్ వెనక తోకలా తలకిందులైన మెట్టు వస్తుంది. 150కి మార్చండి, మెట్టు పైవైపే వస్తుంది. తర్వాత వైరు పక్కన పెట్టి అదే 75 ఓమ్‌లకి ఎనిమిది చిన్న కాయిల్స్, ఎనిమిది కెపాసిటర్లతో పీఎఫ్ఎన్ కట్టి, రెండు పల్సులనీ ఒకే స్క్రీన్ మీద పోల్చండి. పైభాగంలో అలలు కనిపిస్తాయి. చివరి కాయిల్స్‌లో చుట్లు కొంచెం దగ్గరకి, దూరంగా జరుపుతూ ఆ అలలని 2 శాతం లోపుకి తెచ్చాక, మీ స్క్రీన్ ఫోటోతో నాకు రాయండి, ట్రాన్స్‌ఫార్మర్ సంగతి అక్కణ్ణుంచి మాట్లాడుకుందాం.